నేల కింద హీటింగ్ పెట్టించే ముందు తలుపు కింద సందు చూడండి

నేల కింద హీటింగ్, అంటే గది వెచ్చగా ఉండటానికి టైళ్ల కింద కరెంటు తీగలో వేడినీళ్ల పైపులో పరచడం అనగానే, అందరూ ఖర్చు గురించే అడుగుతారు. నేల ఎంత లేస్తుందో ముందు అడగండి.

కరెంటు మ్యాట్ (వేడెక్కే తీగలు అమర్చిన పలుచని పరుపు) అయితే పెద్ద ఇబ్బంది లేదు. మ్యాట్ మందం 3 నుంచి 5 మి.మీ. మాత్రమే. కింద ఇన్సులేషన్ బోర్డు 6 లేదా 10 మి.మీ., పైన టైల్ జిగురు, టైలు కూడా కలిపి లెక్కేసుకోవాలి. వేడినీళ్ల పైపుల పద్ధతి వేరు. పైపే సుమారు 16 మి.మీ. ఉంటుంది. దాని కింద ఇన్సులేషన్, పైన కాంక్రీటు పూత కలిస్తే మొత్తం 100 మి.మీ. దాటడం మామూలే. పాత ఇంటికైతే పైపులు ఇమిడే గాడులున్న పలుచని బోర్డుల రకం అడగండి, దాదాపు 20 మి.మీ.లో సరిపోతుంది.

ఎత్తు తగ్గుతుందని ఇన్సులేషన్ మాత్రం మానేయకండి. వేడి కొంత పైకి రాకుండా కిందికే పోతుంది, బిల్లు మాత్రం వస్తూనే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం మెట్లు. నేల 40 మి.మీ. లేస్తే కింది మెట్టు అంత పొట్టిదవుతుంది. అలవాటుగా అడుగేసే కాలు అక్కడే తడబడుతుంది, పెద్దవాళ్లుంటే మరీ ప్రమాదం. వంటింట్లో డిష్‌వాషర్ ముందు నేల లేస్తే, రిపేరుకు దాన్ని బయటికి లాగడం కుదరదు. తలుపులంటారా, కింద కోయించుకోవచ్చు.

పని మొదలవకముందే అనుకున్న మందానికి సరిపడా చెక్కముక్కలు పేర్చి, తలుపు వాటి మీదుగా తెరుచుకుంటుందో లేదో చూడండి.