డెంగీ వార్డులో మొదటి పోస్టింగ్: నర్సింగ్ విద్యార్థులకు వానాకాలం జాగ్రత్తలు

వానలు ముదిరేకొద్దీ ఆసుపత్రుల్లో జ్వరాల వార్డులు నిండిపోతాయి. జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులు చాలామందికి మొదటి క్లినికల్ పోస్టింగ్ ఈ రద్దీలోనే పడుతుంది. డెంగీ రోగి చుట్టూ అందరి నోటా ఒకటే ప్రశ్న, "ప్లేట్‌లెట్లు ఎంత?" అని. మీరు మాత్రం గంట గంటకూ చూడాల్సింది బీపీ, పల్స్, మూత్రం. రోగి చేయిజారే ముందు ఆ సంగతి మొదట తెలిసేది వీటిలోనే.

రోగి వార్డులోకి రాగానే జ్వరం ఏ రోజు మొదలైందో అడిగి చార్టు పైన రాయండి. "నాలుగైదు రోజులైంది" అంటే సరిపోదు, తారీఖు కావాలి. సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య, జ్వరం దిగే సమయంలోనే రక్తనాళాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) కారడం మొదలవుతుంది. ఇది 24 నుంచి 48 గంటలు సాగుతుంది. ఒళ్లు చల్లబడిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకునే ఆ రోజే మీరు రెండింతలు మెలకువగా ఉండాలి.

బీపీ చూశాక పై అంకెలోంచి కింది అంకె తీసేయండి. 110/70 అయితే తేడా 40. అదే రోగికి కాసేపటికి 100/84 వస్తే తేడా 16. పై అంకె 100 ఉందిగా అని చార్టులో రాసి ముందుకు వెళ్లిపోవడమే కొత్తవాళ్లు తరచుగా చేసే పొరపాటు. ప్లాస్మా కారిపోయినప్పుడు రక్తనాళాలు బిగుసుకుని కింది అంకెను పైకి లేపుతాయి, పై అంకె కొంతసేపు నిలబడే ఉంటుంది. తేడా 20 లేదా అంతకన్నా తక్కువైతే అది షాక్, అంటే అవయవాలకు రక్తం సరిగా అందని స్థితి. పరుగున వెళ్లి డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. తేడా 25, 30కి దిగుతున్నప్పుడే స్టాఫ్ సిస్టర్‌కు చెప్పడం ఇంకా మంచిది. కఫ్ చేతికి సరిపోయిందో లేదో కూడా చూసుకోండి. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పల్స్ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి.

మూత్రం కొలవకుండా "పోశారు" అని రాయడం పనికిరాదు. కొలజాడీ మంచం దగ్గరే పెట్టి, ఎందుకో అటెండెంట్‌కు వివరించండి. పెద్దవాళ్లకు కిలోకు గంటకు కనీసం 0.5 మి.లీ. రావాలి. అంటే 50 కిలోల మనిషికి గంటకు 25 మి.లీ. నాలుగు గంటల్లో 100 మి.లీ. కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగకండి. తెరిపిలేని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ఉన్నట్టుండి అలజడి కనిపించినా అంతే.

డ్రిప్ లెక్క వేళ్లమీద ఉండాలి. ఎక్కించాల్సిన మి.లీ.ను సెట్ డ్రాప్ ఫ్యాక్టర్‌తో (ఒక మి.లీ.కు పడే చుక్కలు) గుణించి, నిమిషాలతో భాగించండి. 20 చుక్కల సెట్‌తో 500 మి.లీ. 4 గంటల్లో వెళ్లాలంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. డ్రాప్ ఫ్యాక్టర్ ప్యాకెట్ మీద ఉంటుంది, అన్నిటికీ 20 అనుకోవద్దు. రోగి చెయ్యి మడిస్తే వేగం మారిపోతుంది కాబట్టి గంటకోసారి మళ్లీ లెక్కపెట్టండి.

రక్తం శాంపిల్ డ్రిప్ ఎక్కుతున్న చేతి నుంచి తీయకూడదు. సెలైన్ కలిసి హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా, ప్లాస్మా కారితే పెరుగుతుంది) తక్కువగా వస్తుంది, ప్లాస్మా కారుతున్న సంగతి మరుగున పడుతుంది. రక్తం గడ్డకట్టకుండా మందు ఉండే ఊదా మూత ట్యూబును 8 నుంచి 10 సార్లు నెమ్మదిగా తిప్పాలి, గట్టిగా ఊపకూడదు. సరిగ్గా కలవక రక్తం గడ్డకడితే ప్లేట్‌లెట్లు లేనిపోని తక్కువ చూపించి ఇంటిల్లిపాదినీ హడలగొడతాయి. సూది తీశాక 5 నిమిషాలు అదిమి పట్టండి.

కండకు ఇంజెక్షన్లు వద్దు, లోపల రక్తం గూడుకడుతుంది. జ్వరానికి డాక్టర్ రాసిన పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకూడదు. ఇంటివాళ్లు మెడికల్ షాపులో కొని దిండు కింద పెట్టుకున్న మాత్రల గురించి కూడా అడగండి. దానిమ్మ, బీట్‌రూట్ రసాలు ఇవ్వొద్దని చెప్పండి. వాంతిలో ఆ ఎరుపు కనిపిస్తే రక్తమో రసమో తేల్చుకోలేం.

దోమతెర పగలు కూడా ఉండాలి, ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. జ్వరంగా ఉన్న రోగిని కుట్టిన దోమే కొన్నాళ్లకు మరొకరికి అంటిస్తుంది. ముట్టుకుంటే డెంగీ అంటదు కాబట్టి రోగికి దూరం జరగాల్సిన పనిలేదు. చేతులు మాత్రం ఒక్కో రోగికి ముందూ వెనకా శుభ్రం చేసుకోవాల్సిందే: హ్యాండ్ రబ్‌తో 20–30 సెకన్లు, సబ్బునీళ్లతో 40–60 సెకన్లు.

రద్దీలో అసలు భయం సూదిపోటు. పోస్టింగ్‌కు ముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ (0, 1, 6 నెలలు) పూర్తయ్యాయో లేదో చూసుకోండి. వాడిన సూదికి మూత పెట్టకుండా నేరుగా తెల్లటి గట్టి డబ్బాలో వేయండి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, ఐవీ సెట్లు, గ్లవ్స్ ఎర్ర సంచిలోకి. గుచ్చుకుంటే పిండకండి, స్పిరిట్ పోయకండి. పారే నీటి కింద సబ్బుతో కడిగి వెంటనే ఇన్‌చార్జ్‌కు చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు అవసరమైతే వీలైనంతవరకు 2 గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. తిడతారేమోనని దాచిపెట్టడం కన్నా ప్రమాదం మరొకటి లేదు.

గండం గడిచాక కారిన ప్లాస్మా తిరిగి రక్తనాళాల్లోకి వస్తుంది. అప్పుడూ డ్రిప్ పాత వేగంతోనే నడుస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆయాసం, దగ్గు, పడుకోలేకపోవడం కనిపిస్తే తల వైపు ఎత్తుచేసి వెంటనే డాక్టర్‌ను పిలవండి. సెలైన్ ఎందుకు ఆపేశారని ఇంటివాళ్లు నిలదీస్తే, ఇప్పుడు అది ఎక్కువైతే ఊపిరి ఆడదని ఓపిగ్గా చెప్పండి.