పాత ఆల్టో, వ్యాగన్ఆర్ లాగడం లేదా? కోన్ ఫిల్టర్ కొనే ముందు ఇవి చూడండి

బెంగళూరు జేసీ రోడ్డులో, ఇంజన్‌కు ఎక్కువ గాలి అందిస్తుందని అమ్మే కోన్ ఫిల్టర్‌కు బేరమాడే ముందు అయిదు నిమిషాల పని ఒకటుంది. ఇంజన్ ఆపి, పక్కన ఎవరినైనా యాక్సిలరేటర్ అడుగంటా తొక్కమనండి. మీరు బానెట్ ఎత్తి థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు) దగ్గర చూడండి. కేబుల్ చుట్టుకునే చక్రం స్టాపర్‌కు తగిలేదాకా తిరగాలి. కేబుల్ సాగినా, పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డుపడినా సగం ముప్పావు దగ్గరే ఆగిపోతుంది. కేబుల్ నట్టు రెండు మరలు తిప్పితే తీరే బాధకు జనం ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) సెట్టింగులు మార్చే రీమ్యాప్ దాకా వెళ్తున్నారు. 796 సీసీ లాంటి చిన్న, టర్బో లేని ఇంజన్‌కు రీమ్యాప్ చేసినా కాలికి తెలిసేంత తేడా రాదు. ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు సంగతీ అంతే. ఇక కోన్ ఫిల్టర్‌ను బానెట్ కింద పెడితే, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో అది పీల్చేది రేడియేటర్ వదిలిన వేడి గాలి. పాత ఎయిర్ బాక్సే నయం, లోపలి ఫిల్టర్ మాత్రం శుభ్రంగా ఉండాలి.

ఇంకొకటి. విజయవాడలోనో నెల్లూరులోనో బాగా లాగిన బండి బెంగళూరుకు తెచ్చాక కాస్త మందగించిందంటే అది రోగం కాదు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. గాలి సుమారు పది శాతం పలచన, శక్తీ దాదాపు అంతే తగ్గుతుంది. లోపం వెతకాల్సింది ఇక్కడే తిరుగుతూ ఈమధ్య నీరసపడిన బండిలో.

అన్ని గేర్లలోనూ బరువుగా ఉంటే

టైర్లలో గాలి, ఆ తర్వాత బ్రేకులు. బ్రేకు పెద్దగా వాడకుండా అయిదారు కిలోమీటర్లు నడిపి ఆపి, ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటి మాత్రమే మండిపోతుంటే దాని కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) పిన్నులు బిగుసుకున్నట్టే. విప్పి శుభ్రం చేసి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టాలి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్లీ మొదటికొస్తుంది. వెనక చక్రాలు రెండూ వేడిగా ఉంటే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగువు చూడండి.

అందం కోసం టైర్లు మార్చారా? 145/80 ఆర్12 ఉన్న ఆల్టోకు 155/80 ఆర్13 వేస్తే చక్రం ఏడెనిమిది శాతం పెద్దదై, ప్రతి గేరూ అంత బరువెక్కుతుంది. 155/65 ఆర్13 అయితే దాదాపు అసలు ఎత్తే.

అరుపు పెరిగి వేగం పెరగకపోతే

క్లచ్. నాలుగో గేర్‌లో నలభై మీద వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ మాత్రమే లేచి బండి లేవకపోతే క్లచ్ జారుతోంది. ముందు క్లచ్ కేబుల్ ఫ్రీ ప్లే (పెడల్ వదులు) సరిచేయండి, అప్పటికీ జారితే క్లచ్ సెట్ మార్చాల్సిందే.

ఊళ్లో బాగానే ఉండి, ఎక్కుడులో చచ్చిపోతే

జనాన్ని ఎక్కువ తిప్పేది ఇదే. స్టార్టింగ్ బాగుంటుంది, ఐడిల్ (కాలు తీసేసినప్పటి నెమ్మది పరుగు) బాగుంటుంది, మొదటి రెండు గేర్లు బాగుంటాయి. చిత్తూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం మూడో గేర్‌లో ఎంత తొక్కినా ఒక దశ దాటి లేవదు. చల్లారాక కాసేపు బాగుంటుంది. మెకానిక్ ప్లగ్గులు మారుస్తాడు, ఇంజెక్టర్లు కడుగుతాడు, ఫ్యూయల్ పంపు మారుస్తాడు. అసలు దొంగ సైలెన్సర్ లైన్లో ఉంటాడు: మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా. పొగ బయటికి పోకపోతే కొత్త గాలి లోపలికి రాదు. తక్కువ తొక్కినప్పుడు పొగ తక్కువ కాబట్టి ఇరుకు బయటపడదు, అందుకే ఊళ్లో దొరకదు.

పట్టుకోవడానికి వాక్యూమ్ గేజ్ (ఇంజన్ గాలిని పీల్చే బలం కొలిచే మీటరు) చాలు. ఇంజన్ బాగా వేడెక్కాక ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) నుంచి వచ్చే సన్న గొట్టానికి టీ ఆకారపు జాయింటు వేసి తగిలించండి, బ్రేక్ బూస్టర్ గొట్టం జోలికి పోవద్దు. పుస్తకాల్లో ఐడిల్‌కు 18–21 అంగుళాల పాదరసమని ఉంటుంది. అది సముద్రమట్టం లెక్క, చెన్నైలో సరిపోతుంది. బెంగళూరులో మూడు అంగుళాలు తీసేయండి: 15–18 వస్తే ఆరోగ్యమే. ఇది తెలియక మంచి ఇంజన్లు విప్పుతున్నారు. ఇప్పుడు 2500 ఆర్‌పీఎం దగ్గర నిమిషంపాటు పట్టి ఉంచండి. ముల్లు ఒకసారి పడి, ఐడిల్ అంకె దగ్గరికో కాస్త పైకో తిరిగొచ్చి నిలబడితే దారి బాగుంది. పట్టి ఉంచినకొద్దీ మెల్లగా దిగిపోతుంటే మూసుకుపోయింది.

ఖాయం చేసుకోవాలంటే కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో (ఎం18 మర) ప్రెషర్ గేజ్ బిగించండి. 2500 దగ్గర 3 పీఎస్ఐ దాటకూడదు. సెన్సర్‌ను ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే నూనె కొట్టి విప్పండి. చల్లగా ఉన్నప్పుడు బలవంతం చేస్తే మర తెగుతుంది. కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో తట్టి చూడటమూ మంచిదే. లోపల గలగలమంటే అందులోని తేనెపట్టులాంటి గూడు విరిగినట్టే. ఆ ముక్కలు ఒకరోజు అడ్డం తిరుగుతాయి, మరోరోజు తప్పుకుంటాయి, అందువల్ల ఒకసారి గేజ్ బాగా చూపించిందని వదిలేయొద్దు.

వెంటనే కొత్తది వేయకండి. పాతది ఎందుకు పోయిందో ముందు తేల్చాలి. మిస్‌ఫైర్ ఉంటే మండని పెట్రోలు కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగిస్తుంది, కాబట్టి ప్లగ్గులు, హెచ్‌టీ వైర్లు (ప్లగ్గులకు కరెంటు తెచ్చేవి), కాయిల్ చూడండి. పొద్దున స్టార్ట్ చేయగానే నీలిపొగ వస్తే వాల్వ్ సీల్స్ దాటి ఆయిల్ దిగుతోంది, దాని బూడిద లోపల పేరుకుంటుంది. ఇవి మిగిలితే కొత్తదీ అదే దారి పడుతుంది. బిగించేటప్పుడు ఫ్లాంజ్ గాస్కెట్ కొత్తది వేయండి. సెన్సర్‌కు ముందు లీకుంటే బయటి గాలి లోపలికొచ్చి, ఈసీయూ దాన్ని పెట్రోలు తక్కువైందని లెక్కేసి ఇంకా పోస్తుంది.

కన్వర్టర్ లోపల గుల్ల చేసి ఖాళీ డబ్బా పెట్టే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. లాగుతుంది, నిజమే. పొల్యూషన్ టెస్టులో దొరుకుతారు, 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద అది అక్రమ మార్పు కూడా. అదే సీసీకి, అదే బీఎస్ (భారత్ స్టేజ్ కాలుష్య) ప్రమాణానికి సరిపోయేదే వేయండి.

మిగతావి

ఫ్యూయల్ ప్రెషర్, క్రాంక్ సెన్సర్, అరిగిన క్యామ్: ఉంటాయి, అరుదు. కంప్రెషన్ ఒకసారి చూడండి, సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ దాటితేనే దిగులు. వాక్యూమ్ గేజ్ ముల్లు ఐడిల్‌లోనే కదలకుండా తక్కువగా నిలిస్తే టైమింగ్ బెల్ట్ ఒక పన్ను తప్పి ఉండొచ్చు. బెల్ట్ మార్చిన మర్నాటి నుంచే మందగించిన బండికైతే పైవన్నీ పక్కన పెట్టి మొదట బెల్ట్ టైమింగ్ మార్కులే కలపండి.