కొండ విత్తనాలు మన మేడ మీద ఎందుకు మొలకెత్తవు?

మనాలి, లేహ్ టూర్‌కు వెళ్లినవాళ్లు అక్కడి నర్సరీల్లో పూల విత్తనాల పొట్లాలు కొనుక్కొస్తారు. హనుమకొండలో మేడ మీద కుండీల్లో చల్లి, మొలకలు రాక తలపట్టుకుంటారు. నేనూ రెండేళ్లు అలాగే పోగొట్టుకున్నాను. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మనం 300 మీటర్లు కూడా లేము. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఆ చలికి తగ్గట్టే తల్లిమొక్క గింజలో మొలకకు సద్ది కడుతుంది.

నెల దాటినా మొలక లేదు

గింజ చచ్చిందా, నిద్రలో ఉందా? ముందు అది తేలాలి. వరి విత్తనంలా నీళ్లలో వేసి తేలినవన్నీ తాలు అనుకోకండి. పొరలాంటి తేలిక గింజలు మంచివైనా తేలుతాయి. ఒకటి రెండు గింజలు బ్లేడుతో కోసి చూడండి. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే ప్రాణం ఉండే అవకాశం ఎక్కువ. మంచు కింద చలికాలం గడిపితే తప్ప వీటిలో చాలావాటికి నిద్ర వదలదు. తడి ఇసుకలో కలిపి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. సెప్టెంబరులో పెడితే నవంబరు చలికి కుండీలోకి వస్తాయి.

పోయినేడు మొలిచిన పొట్లమే ఈసారి మొలవలేదు

అసలు తప్పు ఇక్కడే, పొట్లం దాచడంలోనే జరుగుతుంది. గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలుంటే నూనెలో 9 ఉంటాయి. చిన్న గింజ సద్దిలో ఎక్కువ బలం పట్టాలంటే నూనే దారి. పైగా చలిలో పండిన గింజల్లో గడ్డకట్టని రకం నూనె ఎక్కువగా తయారవుతుంది, అదే తొందరగా చెడుతుంది. మన మే నెల ఎండకు అల్మారాలో పొట్లం ఉంటే ఇంకేముంది, పాత పల్లీల్లా చేదు వాసన వస్తుంది. దానికిక మందు లేదు, పారేయడమే. కొత్తవి కొంటే నీడలో ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో గాజు సీసాలో బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు రెండింతలని విత్తన శాస్త్రంలో మోటు లెక్క ఒకటుంది. వేడి ఐదు డిగ్రీలు తగ్గినా అంతే.

మొలిచి, రెండు ఆకులు రాకముందే పడిపోయింది

ఆవగింజ కంటే చిన్న విత్తనాన్ని వేలెడు లోతున పెడితే, వెలుగు చేరేలోపే సద్ది అయిపోతుంది. వేడి పెరిగితే ఆ సద్ది ఇంకా తొందరగా ఖర్చవుతుంది. మట్టి మీదే చల్లి అరచేత్తో అద్దండి, పైన కప్పొద్దు. కుండీని నీళ్ల పళ్లెంలో పెడితే అడుగు నుంచే తడి ఎక్కుతుంది. మొదలు దగ్గర నల్లబడి వాలితే అది నారుకుళ్లు తెగులు, నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం.

మార్చి దాకా బాగుండి, ఎండలు ముదరగానే మాడిపోయింది

దీనికి పరిష్కారం లేదు. షేడ్ నెట్ కట్టి ఇంకో రెండు వారాలు లాగొచ్చు, అంతే. కొండ పంటే పండించాలని అంత ఆశగా ఉంటే రాజ్మా వేసుకోండి, అక్టోబరులో పెడితే ఎండలు రాకముందే కాయ కోసుకోవచ్చు.