ఆండీస్ కొండల వైన్‌ను వడ్డించడం ఎలా?

రెడ్ వైన్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, అర్జెంటీనా రెడ్ వైన్ మాల్బెక్ పరువు సగం దానివల్లే పోయింది. ముప్పై డిగ్రీల గదిలో నిలబెట్టిన సీసా తెరిచి, గ్లాసు నిండా పోసుకుని, "అబ్బే, స్పిరిట్ వాసన" అని పక్కన పెట్టేస్తారు. తప్పు వైన్‌ది కాదు, గదిది.

కావలసినవి: ఒక మాల్బెక్, ఒక తొరొంతెస్ (అర్జెంటీనా తెల్ల వైన్), కార్క్‌స్క్రూ, పొట్ట వెడల్పుగా మూతి కాస్త ముడుచుకున్న గ్లాసులు, సీసా మెడ దాకా మునిగే బకెట్, బకెట్ సగం నిండేంత ఐస్, వంటగది థర్మామీటర్. డికాంటర్ (వైన్‌ను వంపి గాలి తగిలించే పాత్ర) కోసం డబ్బు తగలెయ్యకండి, గాజు జగ్గు చాలు.

1. సీసా ఎంచుకోవడం

లేబుల్ మీద అంకె పక్కన 'ఎం.ఎస్.ఎన్.ఎం.' (m.s.n.m.) అనే నాలుగు అక్షరాలు ఉన్నాయేమో వెతకండి. తోట సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో చెప్పే స్పానిష్ గుర్తు అది. ఆండీస్ పాదాల దగ్గరి మెండోసా నగరం దాదాపు 750 మీటర్ల మీద ఉంది. దానికి నైరుతిగా ఉన్న ఉకో లోయలో తోటలు 900 మీటర్ల దగ్గర మొదలై గువాల్తజారి వైపు 1,500 దాకా ఎక్కుతాయి. ఉత్తరాన సాల్టా రాష్ట్రంలో కఫాయాతె ఊరే 1,700 మీద ఉంది, ఆ రాష్ట్రంలో 3,000 దాటిన తోట కూడా ఉంది. మాల్బెక్ 1,000 మీటర్లకు పైనుంచే కొనండి, తొరొంతెస్ కఫాయాతెదే కొనండి. 'రెసెర్వా' అన్న మాటకు మోసపోవద్దు. రెడ్ వైన్ కనీసం 12 నెలలు మాగిందని దాని అర్థం, ఎత్తుతో దానికి సంబంధం లేదు. సీసా బరువుకీ లేదు.

ఎత్తు ఎందుకంటే, ప్రతి 100 మీటర్లకూ గాలి సుమారు 0.6 డిగ్రీలు చల్లబడుతుంది. అతినీలలోహిత కిరణాలు 1,000 మీటర్లకు పది శాతం చొప్పున పెరుగుతాయి. ఆ ఎండను కాచుకోవడానికి ద్రాక్ష తోలు మందమవుతుంది. రంగు ఉండేది ఆ తోలులోనే, వగరు కూడా అందులో ఉంటుంది. రాత్రి చలికి కాయలో పులుపు తరిగిపోకుండా నిలుస్తుంది, పగటి ఎండకు తీపి ఎక్కుతుంది, ఆ తీపే 14 శాతం ఆల్కహాల్ అవుతుంది. వగరు, పులుపు, ఆల్కహాల్ మూడూ గట్టివే కాబట్టి, గ్లాసులో రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా తూకం చెడుతుంది.

2. చల్లబరచడం (అందరూ పాడుచేసేది ఇక్కడే)

"గది ఉష్ణోగ్రతలో వడ్డించండి" అన్న సలహా పుట్టింది రాతిగోడల యూరప్ ఇళ్లలో. ఆ గదులు 16, 17 డిగ్రీలు. మెండోసాలోనే డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలు ముప్పై దాటుతాయి, ఇక మన మే నెల సంగతి చెప్పనక్కర్లేదు.

మాల్బెక్ పోసేటప్పుడు 15 డిగ్రీలుండాలి, తొరొంతెస్ 8. మాల్బెక్‌కు 18 అని రాసేవాళ్లున్నారు, పట్టించుకోకండి. ఆరుబయట బల్ల మీద గ్లాసు రెండు మూడు డిగ్రీలు ఎక్కడం ఎంతసేపు?

బకెట్‌లో ఐస్ సగం, నీళ్లు సగం. ఉత్త ఐస్ వేస్తే ముక్కల మధ్య గాలే ఎక్కువ, సీసాకు నాలుగు చోట్ల తగిలి ఊరుకుంటుంది. నీళ్లయితే చుట్టూ పట్టుకుని వేడి లాగేస్తాయి. సీసా మెడ దాకా మునగాలి, లేకపోతే మొదటి గ్లాసు వెచ్చగా వస్తుంది. ముప్పై డిగ్రీల మాల్బెక్‌కు పన్నెండు నిమిషాలు, తొరొంతెస్‌కు పాతిక. మధ్యలో రెండుసార్లు మెల్లగా తిప్పండి, గాజుకు ఆనుకున్న వైన్ ముందు చల్లబడి నడిమిది వెచ్చగానే ఉండిపోతుంది. ఫ్రిజ్‌లో అయితే మాల్బెక్‌కు సుమారు గంటన్నర. ఫ్రీజర్ వద్దు, మరిచిపోతారు, వైన్ గడ్డకట్టి కార్క్‌ను బయటికి నెడుతుంది.

కొలిచేటప్పుడు ఇంకో పొరపాటు: గ్లాసే వేడిగా ఉంటే థర్మామీటర్ ఎక్కువ చూపిస్తుంది. కొంచెం పోసి, గ్లాసంతా తడిసేలా తిప్పి, జగ్గులోకి వంపేసి, మళ్లీ పోసి కొలవండి.

మాల్బెక్ మరీ చల్లబడితే, అంటే పది డిగ్రీలకు దిగితే, పండు వాసన ముడుచుకుపోయి పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. గ్లాసును రెండు అరచేతుల మధ్య ఐదు నిమిషాలు పట్టుకుంటే సర్దుకుంటుంది. వేడినీళ్లూ మైక్రోవేవూ వద్దు. వెచ్చబడితే పండు కన్నా ముందు ఆల్కహాల్ ముక్కుకెక్కుతుంది, పులుపు చప్పబడుతుంది. సీసాను మళ్లీ బకెట్‌లో ముంచండి గానీ గ్లాసులో ఐస్ వేయకండి. అర్జెంటీనాలో చవక వైన్‌లో సైఫన్ సోడా కొట్టుకుని, ఐస్ వేసుకుని భోజనంలో తాగడం మామూలే, బాగుంటుంది కూడా. దానికి వేరే వైన్ ఉంది. 1,400 మీటర్ల మీద పండినదాన్ని నీళ్లపాలు చేయకండి.

3. పోయడం

కుర్ర మాల్బెక్‌ను జగ్గులోకి వంపి అరగంట ఉంచి, జగ్గునే ఐస్ నీళ్లలో నిలబెట్టండి. గ్లాసులో మూడో వంతే పోయండి. తొరొంతెస్‌కు జగ్గు అక్కర్లేదు, దాని మల్లెపూల వాసన గాలికి పోతుంది.

4. తిండి

మాల్బెక్‌కు అసాదో: నిప్పుల మీద నిదానంగా కాల్చిన గొడ్డుమాంసం. తీరా దె అసాదో అనే అడ్డకోత పక్కటెముకలు, లేదా ఎంత్రాన్యా అనే పలుచని పొట్ట కండ. దాని మీద రాళ్లుప్పు తప్ప ఏమీ పడకూడదు. మసాలా పట్టించి నానబెట్టే వంటలకు ఈ వైన్ తేవద్దు. వగరు మాంసకృత్తులతో పెనవేసుకుని మెత్తబడుతుంది, ఉప్పు చేదును అణుస్తుంది. మెండోసా రాష్ట్రం దక్షిణాన మలార్గ్యె మేకపిల్ల మాంసం కూడా బాగా కుదురుతుంది.

అసాదోతో తినే పచ్చడి చిమిచుర్రి దగ్గర జాగ్రత్త. పార్స్‌లీ, వెల్లుల్లి, ఒరెగానో, నూనెతో పాటు అందులో వెనిగర్ ఉంటుంది. ముక్క మీద చెంచాడు పోస్తే ఆ పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది. అరచెంచా, అదీ ముక్క పక్కన.

తొరొంతెస్‌కు సాల్టా ఎంపనాదాలు (కజ్జికాయల్లా లోపల కూరు పెట్టి చేసేవి): కత్తితో సన్నగా తరిగిన మాంసం, బంగాళదుంప, గుడ్డు, జీలకర్ర. పచ్చి మొక్కజొన్నను రుబ్బి, పొత్తు ఆకుల్లో చుట్టి ఉడికించే ఉమీతా, మేకపాల చీజ్ కూడా.

గోంగూర మాంసంతో మాల్బెక్ తాగొచ్చా అని అడిగేవాళ్లుంటారు. వద్దు. గోంగూర పులుపు వైన్‌ను చప్పబరుస్తుంది, వగరూ ఆల్కహాలూ కలిసి కారాన్ని రెట్టిస్తాయి. ఉప్పూ మిరియాలతో నిప్పుల మీద కాల్చిన మటన్ చాప్స్‌తో తాగండి. కారం తగ్గించిన చేపల వేపుడుకు 8 డిగ్రీల తొరొంతెస్ నప్పుతుంది.

మిగిలితే కార్క్ బిగించి ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి. మాల్బెక్ మూడు రోజులు, తొరొంతెస్ రెండు. మాల్బెక్‌ను తాగే ముందు అరగంట బయట పెట్టండి. తొరొంతెస్‌ను తీసీ తీయగానే పోసుకోవచ్చు.