దివాలా పరిష్కారంలో ఉన్న మిల్లుకు కొత్త అప్పు: నాలుగో పాఠం

మిర్యాలగూడలో కూలికి ధాన్యం ఆడించే ఒక బాయిల్డ్ రైస్ మిల్లు, ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ, దివాలా పరిష్కారంలోకి వెళ్లిందనుకుందాం. కేసు హైదరాబాద్‌లో, కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో నడుస్తోంది. వానాకాలం ధాన్యం వచ్చే వేళకు బాయిలర్ బాగు చేయించాలి, చేతిలో చూస్తే పైసా లేదు. (భాగస్వామ్య సంస్థగా నడిచే మిల్లుకు ఈ పద్ధతి వర్తించదు, మన వైపు అలాంటివే ఎక్కువ కాబట్టి ముందు రిజిస్ట్రేషన్ పత్రం చూసుకోవాలి.)

ఈ దశలో తెచ్చే అప్పును మధ్యంతర రుణం అంటారు. దాన్ని తేగలిగింది, కేసు నడిచేటప్పుడు కంపెనీ బాధ్యత చూసే నిపుణుడైన రిజల్యూషన్ ప్రొఫెషనల్ ఒక్కరే. డైరెక్టర్ల అధికారాలు అప్పటికే నిలిచిపోతాయి కాబట్టి, పాత యజమాని కమీషన్ ఏజెంటుకు ప్రామిసరీ నోటు రాసిచ్చి తెచ్చిన చేబదులు ఈ లెక్కలోకి రాదు.

పది వారాల లెక్క వేసుకుని ఎంత అడగాలో ముందు తేల్చాలి. కరెంటుకు, హమాలీలకు, జీతాలకు కలిపి వారానికి 3.5 లక్షలు, బాయిలర్‌కు ఒకేసారి 6 లక్షలు అవుతాయనుకోండి. మారటోరియంలో, అంటే కేసు నడిచేటప్పుడు పాత బాకీల వసూళ్లు ఆగి ఉండే కాలంలో, కరెంటు ఆపరన్న ధీమా వద్దు. ధాన్యం ఆడించే మోటార్లకు వాడే కరెంటు ఉత్పత్తికి నేరుగా వాడేది, దాని బిల్లు ఎప్పటికప్పుడు కట్టాల్సిందే. ఐదో వారం నుంచి ఆడింపు కూలి, తవుడు అమ్మకం సొమ్ము ఖర్చుకు సరిపోతాయంటే, లోటు నాలుగో వారం చివర 20 లక్షల దగ్గర ఆగుతుంది. అడగవలసింది ఆ 20 లక్షలు, దానిపై వడ్డీ. పది వారాల మొత్తం ఖర్చు 41 లక్షలు కాదు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

మిల్లుకు అప్పిచ్చిన బ్యాంకులు, ఇతర రుణదాతలు కూర్చునే రుణదాతల కమిటీ పెట్టిన పరిమితి దాటితే ఆ కమిటీలో 66 శాతం ఓట్లు కావాలి. 60 శాతం వాటా ఉన్న బ్యాంకు ఒక్కటే సరేనంటే చాలదు. అప్పిచ్చేవాడికి ధైర్యం ఎక్కడిదంటే, ఈ రుణం పరిష్కార ఖర్చుల్లో భాగం. పరిష్కార ప్రణాళికలోనైనా, లిక్విడేషన్‌లోనైనా (ఆస్తులు అమ్మి కంపెనీని మూసేయడం) పాత బ్యాంకు బాకీలకన్నా ముందు తీర్చాలి.

హామీగా ఇప్పటికే తనఖాలో ఉన్న ఆస్తి చూపాలంటే దాన్ని తనఖా పెట్టుకున్న బ్యాంకు ముందస్తు సమ్మతి అవసరం. ఆస్తి విలువ ఆ బ్యాంకు పాత అప్పుకు కనీసం రెట్టింపు ఉంటే అక్కర్లేదు. అప్పు 5 కోట్లు, విలువ 9 కోట్లయితే సమ్మతి తీసుకోవాలి.

అభ్యాసం: బాయిలర్ పని రెండు వారాలు ఆలస్యమై, రాబడి ఏడో వారం నుంచి మొదలైతే ఎంత అడగాలి? ఆస్తి విలువ అదే 9 కోట్లు, తనఖా అప్పు 4.4 కోట్లయితే బ్యాంకు సమ్మతి కావాలా?