ఇంట్లో తుపాకీ ఉందా? రెన్యువల్, అమ్మకం గురించి ఇవి చూసుకోండి

ముందు బీరువాలోంచి లైసెన్స్ పుస్తకం తీసి గడువు తేదీ, యూఐఎన్ నంబర్ (లైసెన్స్‌దారుకి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) చూడండి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్స్ ఐదేళ్లకు ఇస్తున్నారు, ఒక్కరి దగ్గర రెండు తుపాకుల కంటే ఎక్కువ ఉండకూడదు. రెన్యువల్‌కి కనీసం రెండు నెలల ముందే అప్లై చేయండి, ఎందుకంటే పోలీసు విచారణ పూర్తయ్యేసరికి తేదీ దాటిపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. గడువు అయిపోతే తుపాకీని ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి, రసీదు జాగ్రత్తగా దాచుకోండి.

తెలిసినవాళ్లకి అమ్ముతున్నారా? బావమరిదే అయినా సరే, ఆ తుపాకీకి సరిపడే లైసెన్స్ అతనికి ఉండాలి. కొనేవాళ్ల పేరు, చిరునామాతో కలెక్టర్‌కి గానీ (హైదరాబాద్ లాంటి కమిషనరేట్లలో కమిషనర్‌కి) దగ్గర్లోని స్టేషన్‌కి గానీ రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు ఆగాకే చేతికివ్వాలి. అడ్వాన్స్ తీసుకున్నాం కదా అని ముందే ఇచ్చేస్తే కేసు మీ మీదకే వస్తుంది.

నాన్నగారు పోయాక ఆయన డబుల్ బ్యారెల్‌ని జ్ఞాపకంగా అటక మీద ఉంచేసుకోవడం మాత్రం దయచేసి వద్దు, లైసెన్స్ ఆయన పేరు మీదే ఉంది, మీకు లేదు. ముందు డిపాజిట్ చేయండి, అమ్మాలా ఉంచుకోవాలా తర్వాత ఆలోచించవచ్చు.