రాత్రి ఫొటోగ్రఫీ – 4వ పాఠం: మిణుగురుల మెరుపు

గత పాఠంలో చుక్కల కోసం షట్టర్ ఎంతసేపు తెరవాలో లెక్క వేశాం. మిణుగురుల దగ్గర ఆ లెక్క పనిచేయదు. చుక్క ఆగకుండా వెలుగుతుంది, కాబట్టి తెరిచినకొద్దీ వెలుగు పోగవుతుంది. మిణుగురు ఎగురుతూ ఎగురుతూ రెప్పపాటు మెరిసి ఆరిపోతుంది. ఆ తర్వాత షట్టర్ ఇంకో నిమిషం తెరిచి ఉంచినా ఫొటోలో దాని వెలుగు ఇసుమంత కూడా పెరగదు. పెరిగేవి మెరుపుల సంఖ్య, ఆకాశపు వెలుతురు, నాయిస్ (ఫొటోలో కనబడే గరుకు చుక్కలు). మెరుపు ఎంత కాంతిగా రావాలో తేల్చేవి అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం), ఐఎస్‌ఓ (ఆ వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె). ఈ పాఠం మొత్తంలో ఇదొక్కటి ఒంటబట్టినా చాలు.

కాబట్టి లెన్స్‌ను పూర్తిగా తెరవండి. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. ఎఫ్ 1.8 అయితే ఐఎస్‌ఓ 1600తో మొదలుపెట్టండి. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ ఎఫ్ 3.5 దగ్గరే ఆగుతుంది, అందులోకి వచ్చే వెలుతురు దాదాపు నాలుగో వంతే. అప్పుడు 6400 దాకా పోక తప్పదు. షట్టర్ 20 సెకన్లు, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 4000 కెల్విన్ దగ్గర స్థిరంగా, ఫైల్ రా (కెమెరా కుదించని అసలు ఫైలు). వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే పసుపుపచ్చ మెరుపు ఒక్కో ఫ్రేములో ఒక్కో రంగుకు తిరుగుతుంది.

తొలకరి పడ్డాక, అమావాస్యకు అటూఇటూ నాలుగైదు రోజులు చూసుకోండి. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లోకి రాత్రిపూట అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు. అంత దూరం పోనవసరం కూడా లేదు. మిణుగురు పిల్లపురుగులు నత్తల్ని తిని బతుకుతాయి. ఊరి చెరువు మత్తడి కింద తడి గడ్డి, ఒర్రె పక్క పొదలు, మందు కొట్టని మామిడి తోట వెతకండి. వీధి లైటు కనబడని చోటే నిలబడండి. కట్లపాము తిరిగేది రాత్రే, గంబూట్లు లేకుండా గడ్డిలో అడుగు పెట్టొద్దు.

వరంగల్ వైపు జూన్‌లో పొద్దుగూకేది 6:50 ప్రాంతంలో. ఆరింటికల్లా ట్రైపాడ్ నిలబెట్టండి. ఐదారు మీటర్ల దూరంలోని చెట్టు మొదలు మీద ఫోకస్ చేసి, మాన్యువల్‌కు మార్చి, ఫోకస్ రింగుకు టేపు వేయండి. చీకటి పడ్డాక ఫోకస్ కుదరదు. పొద్దుగూకిన ఇరవై నిమిషాలకు ఐఎస్‌ఓ 200లో చెట్లు, నేల కొంచెం ముదురుగా వచ్చేలా ఒక షాట్ తీయండి. ఇది అడుగు చిత్రం. ఇక కెమెరా వెంట్రుకవాసి కూడా కదలొద్దు.

చీకటయ్యాక కెమెరా తనంతట తానే వరసగా తీసేలా ఇంటర్వల్ పెట్టి 60 ఫ్రేములు తీయండి, మధ్య ఖాళీ 1 సెకను. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ప్రతి షాట్ తర్వాత కెమెరా మరో 20 సెకన్లు చీకటి ఫ్రేము తీసుకుంటుంది, సగం మెరుపులు చేజారిపోతాయి. స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసేది), ఫోకస్ దీపం, స్క్రీన్ కూడా ఆపి, కెమెరా మీది చిన్న లైట్లకు నల్ల టేపు అంటించండి. ఇరవై నిమిషాలు ఒకే షాట్‌గా తీయకపోవడానికి కారణముంది. దూరంగా ట్రాక్టర్ లైటు పడితే ఆ ఒక్క ఫ్రేము తీసేస్తే సరిపోతుంది.

ఎక్కువమంది ఫొటోలు పాడయ్యేది లెన్స్ మీద ఆవిరితో. ఏసీ కారులోంచి తీయగానే అద్దం మసకబారుతుంది. బ్యాగు మూసే ఉంచి అరగంట బయటి గాలికి అలవాటు పడనివ్వండి. వాన వెలిసిన రాత్రి పవర్‌బ్యాంకుతో నడిచే హీటర్ పట్టీ లెన్స్‌కు చుట్టండి. ప్రతి పది ఫ్రేములకోసారి అద్దాన్ని ఎర్ర కాగితం కట్టిన టార్చితో చూసుకోండి. ఆ వెలుగు పురుగుల వైపు తిప్పొద్దు. ఆ మెరుపులు మగవి ఆడవాటిని పిలిచే పిలుపులు. తెల్ల టార్చి పడితే పిలుపు ఆగిపోతుంది. ఫొటో పోతే మళ్లీ తీయొచ్చు, వాటి జత కూడే కాలం మాత్రం కొద్ది వారాలే.

ఈ వారం అభ్యాసం: గది పూర్తిగా చీకటి చేసి, ఎవరినైనా చిన్న పచ్చ ఎల్‌ఈడీని ఒక్కసారి మెరిపించమనండి. ఐఎస్‌ఓ 400లో 5 సెకన్లు, 30 సెకన్లు ఒక్కో షాట్ తీసి, ఐఎస్‌ఓ 1600లో మళ్లీ 5 సెకన్లది తీయండి. మూడూ పక్కపక్కన పెట్టి ఎల్‌ఈడీ మెరుపు కాంతిని పోల్చండి. 60 ఫ్రేములను ‘లైటెన్’ పద్ధతిలో (ప్రతి చోటా ఎక్కువ వెలుగున్న దాన్నే ఉంచేది) అడుగు చిత్రం మీద పేర్చడం 5వ పాఠంలో.